వీపు ఒప్పుకున్నంతే

మదనపల్లె, రాయచోటి వైపు విదేశానికి పెట్టె సర్దడం చేతగాని వీధి ఉండదు. కువైట్ పోయేవాళ్ళ అట్టపెట్టెకు టేపు ఎన్ని చుట్లు చుట్టాలో, తాడు ఎక్కడ ముడి వేయాలో, పేరూ ఫోన్ నంబరూ మార్కరుతో ఎన్ని వైపులా రాయాలో బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు. అమెరికా చదువులకు పోయేవాళ్ళ ఇళ్ళలో అయితే 23 కిలోల సూట్‌కేసులు రెండు వారం రోజులు హాల్లో తెరిచే పడి ఉంటాయి. కుక్కరు, ఇడ్లీ రేకులు, చింతపండు, ఊరగాయలు, పండగకు కొన్న కొత్త గుడ్డలు, మేనత్త దంచి ఇచ్చిన పొడులు, పక్కింటివాళ్ళు వాళ్ళ అబ్బాయికి పంపే పొట్లాలు, అన్నీ వాటిలోకే. ఈ విద్యలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు.

సంచి వీపుకు తగిలించుకుని మూడు నాలుగు వారాలు రెండు మూడు దేశాలు చుట్టి రావాలనుకునేవాళ్ళకు మాత్రం ఇదే విద్య అడ్డం పడుతుంది. కువైట్ పెట్టె విమానం దిగాక ఒకసారి కారెక్కుతుంది, గదిలో మంచం కిందికి చేరుతుంది, మళ్ళీ సెలవు దొరికేదాకా అక్కడే ఉంటుంది. తిరిగేవాళ్ళ సంచి రెండు రోజులకోసారి భుజానికెక్కాలి. బస్సులోకి, పడవలోకి, లిఫ్టు లేని హాస్టల్‌లో మూడో అంతస్తుకు, రైలు దిగి గది దొరికేదాకా ఎర్రటి ఎండలోకి. ఇంటిల్లిపాదీ కలిసి సర్దిన సంచిని ఒక్కరే మోయాల్సి వచ్చినప్పుడు లెక్క మారిపోతుంది. ఈ అధ్యాయమంతా ఆ లెక్కే.

ప్రతి వస్తువు వెనకా ఒక భయం

సర్దిన సంచి విప్పి ఒక్కో వస్తువూ నేలమీద పరిచి చూడండి. వాటిలో సగం ఎవరో ఒకరి భయం కొద్దీ చేరినవే. "ఆడ అన్నం దొరకతాదో లేదో నాయనా, ఇంకో డబ్బా పెట్టుకో" అన్న అమ్మ భయం ఒక కిలో. చలి పెడుతుందేమోనని నాన్న కొనుక్కొచ్చిన ఉన్ని స్వెటరు ఇంకో కిలో. ఫొటోల్లో రోజూ అదే చొక్కా కనబడుతుందేమోనన్న మన సొంత భయం ఈ రెంటికంటే బరువు. భయపడడం తప్పని నేననను. దాన్ని వీపున వేసుకుని దేశాలు తిరగడం మాత్రం దండగ.

కాబట్టి ప్రతి వస్తువునూ ఒకే ప్రశ్న అడగండి: ఇది అక్కడి అంగట్లో దొరుకుతుందా? దొరికేదైతే ఇక్కడే వదిలేయండి.

ఇదేమీ కొత్తగా పుట్టిన తెలివి కాదు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయల్దేరాడు. తిరుపతి, కడప మీదుగా సాగి, ఉత్తరదేశమంతా చూసి, 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. మనలాగా ఒంటరిగా పోలేదు, వెంట వందమంది దాకా పరివారం ఉంది. అయినా ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదివితే మజిలీ మజిలీకీ ఒకే ఆరా కనబడుతుంది: ఈ ఊళ్ళో అంగళ్ళు ఉన్నాయా, ఏ సరుకులు దొరుకుతాయి, నీళ్ళు ఎలాంటివి, దిగడానికి చోటుందా. ముందు ఊళ్ళో ఏం దొరుకుతుందో తెలిస్తేనే ఈ ఊరి నుంచి ఏం మోయాలో తెలిసేది. తర్వాత వచ్చేవాళ్ళకు పనికొస్తుందని అదంతా రాసి పెట్టాడు. మనకు అది ఫోన్‌లో పది నిమిషాల పని. బ్యాంకాక్‌లో, హనోయిలో, కౌలాలంపూర్‌లో సబ్బు, షాంపూ, గొడుగు, టీషర్టు, రబ్బరు చెప్పులు అడుగడుక్కీ దొరుకుతాయి. మీ కళ్ళద్దాల నంబరుకు సరిపోయే రెండో జత దొరకదు. డాక్టరు మీకు రాసిచ్చిన మందు అదే పేరుతో దొరకదు. మీ పాదానికి అలవాటైన బూటు దొరకదు. మోయాల్సినవి అవీ, కాగితాలూ.

ఏడు కిలోలు

మన దేశపు విమానాల్లోనూ, ఆగ్నేయాసియాలో తిరిగే చౌక విమానాల్లోనూ చేతి సంచికి మామూలుగా ఒప్పుకునే బరువు 7 కిలోలు. అంతకు మించితే ప్రతి విమానానికీ డబ్బు కట్టి సంచిని లోపలికి వేయాలి, దిగిన ప్రతిచోటా బెల్టు దగ్గర నిలబడాలి, ఎక్కడైనా తప్పిపోతే దేవుళ్ళాడాలి. విమానాల వాళ్ళు పెట్టిన ఈ హద్దును నేను శిక్షగా చూడను. బరువు తగ్గించమని ఇంట్లో మనం చెబితే వినరు. "విమానంలో రానివ్వరమ్మా" అంటే వింటారు.

ఏడు కిలోల్లో సంచి సొంత బరువే కిలోకు పైన ఉంటుంది. అందుకని 35 నుంచి 40 లీటర్ల సంచి చాలు. 60 లీటర్లది కొంటే ఖాళీగా ఉంచడం మన చేతకాదు, ఏదో ఒకటి కూరుతాం. సంచి కొనేటప్పుడు పుంగనూరు ఆవును తలుచుకోండి: ఎత్తు సుమారు మూడడుగులే, మేత కొంచెమే, పాలు మాత్రం చిక్కగా ఇస్తుంది.

ఈ సంచిని ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనకండి. మెడ వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుంచి నడుము ఎముక పైభాగం దాకా ఉండే పొడవే వీపు కొలత. మనిషి పొడవును బట్టి అది తేలదు. బెంగళూరు అంగళ్ళలో సంచిలో బరువు వేయించుకుని పావుగంట అటూ ఇటూ తిరగండి. నడుము పట్టీ బిగించగానే బరువు భుజాల మీంచి దిగి నడుము మీద కూర్చోవాలి. అలా కూర్చోకపోతే ఎంత ఖరీదైనదైనా అది మీ సంచి కాదు. సర్దేటప్పుడు బరువైనవి వీపుకు ఆనుకుని నడిమధ్యలో, తేలికవి అడుగున, వానకోటూ నీళ్ళసీసా చేతికందేచోట ఉండాలి.

గుడ్డల విషయంలో ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. మూడు జతలు చాలు: ఒంటిమీద ఒకటి, తీగమీద ఒకటి, సంచిలో ఒకటి. నెలరోజుల ప్రయాణానికైనా అంతే. జీన్స్ ఒకటి తీసేస్తే ముప్పాతిక కిలో దాకా తగ్గుతుంది. తడిస్తే అది రెండు రోజులకు గానీ ఆరదు. మందపాటి టర్కీ తువ్వాలు బదులు మన పల్చటి తుండుగుడ్డ పెట్టుకోండి, గంటలో ఆరిపోతుంది. లుంగీని తక్కువ అంచనా వేయకండి. ఎనిమిదిమంది పడుకునే హాస్టల్ గదిలో మంచానికి తెర అదే, రాత్రి బస్సులో దుప్పటి అదే. నిక్కరుతో వచ్చిన మగవాణ్ణి బ్యాంకాక్ రాజప్రాసాదం గుడిలోకి రానివ్వరు, అక్కడ మోకాళ్ళు కప్పేదీ అదే. ఆడపిల్లలకు పెద్ద చున్నీ ఇన్ని పనులూ చేస్తుంది.

పొట్లాలు, పొడులు

తిండి దగ్గర కొంచెం ఆగాలి, మన సంచులు బరువెక్కేదీ చిక్కుల్లో పడేదీ ఇక్కడే.

చేతి సంచిలో ద్రవాలు 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలో ఉండకూడదు. అలాంటి సీసాలన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శక కవరులో ఇమడాలి. తనిఖీ దగ్గర ఊరగాయ కూడా ద్రవం లెక్కలోకే వస్తుంది, మూడొంతులు మామిడికాయ ముక్కలే అని వాదించినా లాభం లేదు. మిరపపొడి చేతి సంచిలో రానివ్వరు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, మంట పట్టుకుంటుందని దాన్నీ ఆపేస్తారు. గసగసాల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. మన మసాలాలో చిటికెడు వేసుకునే ఈ గింజలు నల్లమందు మొక్కవి. ఐక్య అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియాల్లో వీటికి నిషేధం ఉంది. తెలియక తీసుకెళ్ళానన్న మాట అక్కడి కోర్టులో చెల్లుతుందన్న ధీమా పెట్టుకోకండి. దుబాయ్‌లో విమానం మారే ప్రయాణమైతే మసాలాపొడిలో ఏమేం పడ్డాయో ఇంట్లో అడిగి తెలుసుకోండి.

మన వైపు ఇంకో అలవాటుంది. ఎవరైనా విదేశం పోతున్నారంటే ఆ వీధివాళ్ళు, బంధువులు పొట్లాలు పట్టుకుని వస్తారు. "మావోనికి ఇచ్చేయన్నా, ఇంతే కదా" అంటారు. తిరిగేవాళ్ళు ఎవరి పొట్లమూ తీసుకోకూడదు, మేనమామ ఇచ్చినా సరే. సంచిలో ఏముందో సర్దినవాళ్ళకు తెలిసి ఉండాలి, పట్టుబడితే జవాబు చెప్పాల్సింది మోసినవాళ్ళే. "చేతి సంచి ఒకటే మామా, ఏడు కిలోలే" అని చెప్పండి. నొచ్చుకోరు.

మరి అమ్మ భయం? దానికి విరుగుడు ఒకే ఒక్క డబ్బా: పావుకిలో పప్పులపొడి. అన్నం దొరికేచోట నూనె చుక్క వేసుకుని కలుపుకోవచ్చు. వేయించిన చెనక్కాయలు గుప్పెడు వేరే కవరులో పెట్టుకుంటే రాత్రి బస్సులో ఆకలి తీరుతుంది. శాకాహారులకు థాయ్‌లాండ్, వియత్నాంలలో చేపల సాసు పెద్ద తలనొప్పి, కూరగాయల కూరలోనూ అది పడుతుంది. థాయ్‌లాండ్‌లో "జే" అని, వియత్నాంలో "చాయ్" అని రాసి ఉన్న హోటళ్ళు చూసుకుంటే బౌద్ధుల శాకాహారం దొరుకుతుంది. ఆ రెండు మాటలూ ఇంటి నుంచి మోసే రెండు కిలోల పులిహోర పేస్టుతో సమానం.

సంచికంటే ముందు కాగితాలు

ఇంతసేపు సంచి గురించి చెప్పాను గానీ, సర్దడానికి ఒక సాయంత్రం చాలు. కాగితాలకు నెలలు కావాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. సంచి నెలముందు కొని, పాస్‌పోర్టు వారంముందు వెతుకుతారు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్ళకు పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలో ఉంది. 36 పేజీల పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. పెద్దవాళ్ళకు పదేళ్ళు చెల్లుతుంది. పదో తరగతి పాసైన సర్టిఫికెట్ జతచేయడం మరవకండి, అది లేకపోతే ఈసీఆర్ (విదేశీ ఉద్యోగానికి వలస అనుమతి తప్పనిసరి అనే) ముద్ర పడుతుంది. గల్ఫ్ దేశాల వైపు పోయేటప్పుడు ఆ ముద్ర ప్రశ్నలకు దారితీస్తుంది.

మనవాళ్ళ అసలు చిక్కు పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, పదో తరగతి సర్టిఫికెట్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్‌లో తండ్రి పేరు తోక. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో వచ్చే సందర్శకులను రానివ్వబోమని ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించినప్పుడు ఎంతోమంది ఉలిక్కిపడ్డారు. తర్వాత కొన్ని సడలింపులు వచ్చినా, పేరును ముందే సరిచేసుకోవడమే మేలు. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తిరిగి వచ్చే తేదీ దాటాక కూడా పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోండి, చాలా దేశాలు అడుగుతాయి.

మొదటి ప్రయాణానికి ఎటు? నేపాల్ అయితే పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. 15 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళు ఆధార్ చూపి నేపాల్ విమానం ఎక్కలేరు, ఇది తెలియక వెనక్కి తిరిగేవాళ్ళున్నారు. థాయ్‌లాండ్, మలేషియా 2023 చివర్లో మనవాళ్ళకు వీసా తీసేశాయి. ఎన్ని రోజులు, ఎప్పటిదాకా అన్నది మారుతూ ఉంటుంది కాబట్టి టికెట్టు కొనేరోజే ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడాలి. రెండు దేశాలకూ చేరడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో రాక కార్డు నింపాలి, అది ఉచితం. డబ్బు అడిగే సైటు దొంగ సైటు. వియత్నాం ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తారు.

మోటారుసైకిల్ మీద ఆశ ఉంటే ఆర్టీఓ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. వియత్నాంలో అది చెల్లదు. మనవాళ్ళు ఇచ్చేది 1949 ఒప్పందం ప్రకారం, వాళ్ళు గుర్తించేది 1968 ఒప్పందం పర్మిట్టును. బండి అద్దెకిచ్చేవాడు ఇవేమీ అడగడు. పడి కాలు విరిగాక బీమా కంపెనీ అడుగుతుంది. ప్రయాణ బీమా తీసుకోకుండా బయల్దేరడం ధైర్యం కిందికి రాదు.

మందులు అసలు అట్టలోనే ఉంచి, డాక్టరు చీటీని రసాయన పేరుతో రాయించి పెట్టుకోండి. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందులు గల్ఫ్‌లో నేరం కిందికి రావచ్చు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లు, పరిమితి 100, కాబట్టి ఇబ్బంది లేదు.

డబ్బు సంగతి క్లుప్తంగా: బ్యాంకు యాప్‌లో డెబిట్ కార్డుకు అంతర్జాతీయ వాడకం ఆపేసి ఉంటుంది, బయల్దేరేముందే తెరవండి. రెండు కార్డులు రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఓటీపీల కోసం ఇక్కడి సిమ్‌కు రోమింగ్ వేయించండి. అక్కడ కార్డు పెట్టినప్పుడు రూపాయల్లో కడతారా, ఆ దేశపు డబ్బులో కడతారా అని మిషను అడిగితే ఆ దేశపు డబ్బే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకంలో నష్టపోతారు.

బెంగళూరు దాకా

మనకు దగ్గరి అంతర్జాతీయ విమానాశ్రయం దేవనహళ్ళిలో ఉన్న కెంపేగౌడది. మదనపల్లె వాళ్ళు చింతామణి మీదుగా, పుంగనూరు వాళ్ళు ముళబాగిలు, కోలారు మీదుగా బస్సులో, కుప్పం వాళ్ళు రైల్లో బెంగళూరు చేరతారు. మెజెస్టిక్ నుంచి వాయువజ్ర బస్సులున్నాయి. కారు మాట్లాడుకుని ఇంటివాళ్ళందరితో సాగనంపించుకోవడం ఆచారమే గానీ, ఈ ఒక్కసారికి సంచితో బస్సెక్కి పోండి. అక్కడ చేయబోయేదీ అదే కదా. విమానానికి మూడు గంటల ముందు చేరేలా లెక్క వేసుకుని, హొసకోటె దగ్గరి ట్రాఫిక్ కోసం ఇంకో గంట కలపండి.

ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఒంటరిగా బ్యాంకాక్ పోయే కుర్రవాళ్ళను గుచ్చి గుచ్చి అడుగుతారు. కారణముంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మనవాళ్ళను కంబోడియా తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించే ముఠాల ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. థాయ్‌లాండ్ మీదుగా మయన్మార్ సరిహద్దుకు తరలించిన సంఘటనలూ ఉన్నాయి. కాబట్టి ఆ అధికారి ప్రశ్నలకు చిరాకు పడొద్దు. తిరుగు టికెట్టు, మొదటి రెండు రాత్రుల బస, బీమా, వీటి నకళ్ళు కాగితం మీద తీసి చేతిలో పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయిందన్న మాట అక్కడ వినరు. టికెట్టు ఎవరో ఉచితంగా కొనిచ్చి "పోయి చూసిరా తమ్ముడూ, పని నేను చూపిస్తా" అన్నారంటే మాత్రం ఆ ప్రయాణం మానేయండి.

కొండమీద పరీక్ష

బయల్దేరడానికి రెండు వారాల ముందు, సర్దిన సంచినే తీసుకుని ఒక రాత్రి ఊరు విడిచి రండి. దీనికి హార్సిలీ హిల్స్‌ను మించిన చోటు లేదు. మన పెద్దవాళ్ళు ఏనుగుమల్లమ్మ కొండ అనేది దీన్నే. మదనపల్లెకు 30 కిలోమీటర్ల లోపే, ఎత్తు 1,250 మీటర్ల పైచిలుకు. సంచితో రోడ్డు వెంట కొంతదూరం ఎక్కండి. పట్టీ ఎక్కడ ఒరుసుకుంటుందో, బూటు ఏ వేలిని కొరుకుతుందో అక్కడే తెలుస్తుంది. రాత్రి చలికి మీ గుడ్డలు ఆగాయా లేదా చూడండి. చొక్కా ఉతికి ఆరేయండి, తెల్లారేసరికి ఆరిందా? ఇంటికొచ్చాక సంచిలోంచి అసలు బయటికి తీయని వస్తువులన్నీ వేరుగా పెట్టండి. మందులు, వానకోటు తప్ప మిగతావి బీరువాలోకి పోవాలి. తర్వాత ఏ సరుకుల అంగట్లోనైనా కాటా మీద సంచి పెట్టి తూయించండి. ముల్లు ఏడు దాటితే మళ్ళీ విప్పాల్సిందే.

భాష గురించి దిగులుపడేవాళ్ళు చాలామంది. కుప్పం వాళ్ళకు ఆ దిగులు అక్కర్లేదని నా నమ్మకం. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, రైల్లో కన్నడం మాట్లాడుతూ పెరిగినవాళ్ళకు రాని భాష మధ్య నెట్టుకురావడం చిన్నప్పుడే అలవాటవుతుంది. పైగా తమిళం సింగపూర్, శ్రీలంకల్లో అధికార భాష, మలేషియాలో ఎన్నో వీధుల్లో వినబడే భాష. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టిన ఊరి కుర్రాడు కౌలాలంపూర్‌లో ఇడ్లీ అడగడానికి ఇంగ్లీషు వెతుక్కోనవసరం లేదు. ఇంగ్లీషు సరిగా రాదని ప్రయాణం వాయిదా వేసేవాళ్ళను చూస్తే నాకు జాలి కంటే కోపమే ఎక్కువ. వియత్నాం పల్లెల్లో మన ఇంగ్లీషు ఎలాగూ ఎవరికీ పట్టదు. చేత్తో చూపించడం, నవ్వడం, ఫోన్‌లో అనువాదం, వీటితోనే పని జరుగుతుంది.

ఇంట్లోవాళ్ళతో ఒక ఒప్పందం చేసుకుని పోండి. రోజూ గంటల తరబడి వీడియో కాల్ చేస్తానని మాటిచ్చి ఇబ్బంది పడకండి. రాత్రి బసకు చేరగానే ఒక్క మెసేజ్, ఊరు మారినప్పుడు హాస్టల్ పేరూ నంబరూ. మీ పాస్‌పోర్టు నకలు, బీమా నంబరు, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి అమ్మానాన్నలకు ఇవ్వండి. ఫ్రిజ్ మీద ఆ కాగితం అంటించి ఉంటే వాళ్ళకు నిద్ర పడుతుంది.

ఈ పుస్తకం పక్కన పెట్టి ఇప్పుడే లేచి బీరువాలో పాస్‌పోర్టు తీసి చూడండి. పేరు సరిగా ఉందా, గడువు ఎప్పటిదాకా ఉంది? రెంటిలో ఏది తేడాగా ఉన్నా రేపే తిరుపతి కేంద్రానికి ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. సంచి తర్వాత కొనొచ్చు.